పాత బెంజి ఇ220కి సింథటిక్ ఆయిలు పోయవచ్చా? నాన్న రాసిన లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని అడుగుతున్నాను

తెలుపు_124 (గుంటూరు)

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడవుగా ఉంటుంది. సగం వివరాలు దాచి సలహా అడగడం నాకు ఇష్టం లేదు, అందుకే మొదటి నుంచీ చెబుతాను.

మా ఇంట్లో 1996 మోడల్ మెర్సిడెస్ బెంజ్ ఇ220 ఉంది. పుణెలో తయారైన డబ్ల్యూ124 (ఆ మోడల్‌కు కంపెనీ పెట్టిన కోడు), పెట్రోలు బండి, తెల్ల రంగు. మా నాన్న పత్తి వ్యాపారం చేసేవారు. 2003లో హైదరాబాదులో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నారు. అప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంటికి తెచ్చిన రోజు రాత్రి ఆయన భోజనం కూడా చేయకుండా ఆ తలుపు తీసి మూసి, తీసి మూసి, ఆ శబ్దం మాకు వినిపించడం నాకు ఇప్పటికీ గుర్తు.

నాన్న 2021లో పోయారు. అంతకు ముందు రెండేళ్లూ ఆసుపత్రుల చుట్టూ తిరగడమే సరిపోయింది, బండి రేకుల షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. అమ్మేద్దామని బంధువులు అన్నారు. నేను ఒప్పుకోలేదు. 2024 జనవరిలో బ్యాటరీ, టైర్లు కొత్తవి వేయించి, పెట్రోలు ట్యాంకు కడిగించి మళ్లీ రోడ్డెక్కించాను. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. వారానికి రెండు రోజులు ఈ బండిలోనే వెళ్తాను. ఇప్పుడు మీటరు 1,48,600 చూపిస్తోంది.

డ్యాష్‌బోర్డు అరలో నాన్న రాసిన నల్ల అట్ట పుస్తకం దొరికింది. ఆయిలు మార్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఏం పోశారో ఉన్నాయి. కొన్ని పంక్తులు ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను (15డబ్ల్యూ-40 లాంటివి ఆయిలు చిక్కదనాన్ని చెప్పే గుర్తులు):

"11-1-2004. 66,900. 15డబ్ల్యూ-40, ఫిల్టరు."
"6-2-2011. 1,04,200. 15డబ్ల్యూ-40, ఫిల్టరు. గాలి ఫిల్టరు కూడా."
"ఆగస్టు 2016. తిరుపతి ప్రయాణం. అర లీటరు కలిపాను."
"మే 2017. అర లీటరు."
"నవంబరు 2017. ముప్పావు లీటరు."
"జూన్ 2018. లీటరు."
"3-3-2019. 1,44,300. 15డబ్ల్యూ-40, ఫిల్టరు."

అదే చివరి పంక్తి. తర్వాతి పేజీలో తేదీ కోసం గీతలు గీసి ఉన్నాయి, రాత లేదు.

2024లో బండి బయటికి తీసినప్పుడు దగ్గర్లోని మెకానిక్ 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలు (ముడి చమురు నుంచి తీసే మామూలు ఆయిలు) పోశాడు. పాత ఇంజినుకు చిక్కటి ఆయిలే మంచిదన్నాడు. అప్పటి నుంచి 4,300 కిలోమీటర్లు తిరిగాను. గమనించినవి ఇవి. ఉదయం స్టార్టు చేయగానే ఇంజిను పైభాగంలో నాలుగైదు సెకన్ల పాటు టకటకమని శబ్దం, తర్వాత ఆగిపోతుంది. అదే సమయంలో సైలెన్సరు నుంచి ఒక్క గుప్పెడు నీలిపొగ వస్తుంది, ఆ తర్వాత మళ్లీ కనిపించదు. బండి కింద అట్టముక్క పరిచి చూస్తే రాత్రికి రూపాయి బిళ్లంత మరక పడుతోంది. మీటర్ల పక్కనున్న ఆయిల్ ప్రెషరు ముల్లు నడిపేటప్పుడు పైన 3 బార్ల దగ్గరే ఉంటుంది. బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే 1.2 దాకా దిగుతుంది.

ఇప్పుడు ఆయిలు మార్చాలి. ఒక సర్వీసు కేంద్రంలో ఫుల్ సింథటిక్ (రసాయనికంగా తయారుచేసే ఆయిలు) 5డబ్ల్యూ-40 తప్ప మరొకటి పోయకూడదన్నారు. మా మెకానిక్ మాత్రం అది పోస్తే ఆయిలును ఆపే రబ్బరు సీళ్లన్నీ కారిపోతాయి, ఇంజిను విప్పాల్సి వస్తుందని భయపెడుతున్నాడు. ఇద్దరూ కారణం మాత్రం చెప్పడం లేదు. ఖర్చు గురించి కాదు నా బెంగ. నాన్న పదహారేళ్లు జాగ్రత్తగా చూసుకున్న ఇంజినును నా తెలియనితనంతో పాడు చేయకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అంబాసిడర్_1978 (రాజమహేంద్రవరం)

మీ మెకానిక్ చెప్పిందే సబబు. నా అంబాసిడర్‌లో నలభై ఏళ్లకు పైగా 20డబ్ల్యూ-50 తప్ప మరొకటి పోయలేదు, ఇప్పటికీ అన్నవరం కొండ ఆగకుండా ఎక్కుతుంది. మా ఊరిలో ఒకాయన పాత కారులో సింథటిక్ పోయించాడు. నెల తిరక్కుండా వాకిలంతా ఆయిలే. పల్చటి ఆయిలు సన్నని సందుల్లోంచి కూడా దారి చేసుకుంటుంది. అరిగిన ఇంజినుకు చిక్కదనమే కాపు. ఎండాకాలం మన దగ్గర ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. బాగున్నదాన్ని కదిలించకండి.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

అమ్మా, ప్రశ్న అడిగిన తీరు నాకు చాలా నచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆటోనగర్‌లో షెడ్డు నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఏ ఆయిలు పోయాలని అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇంతకాలం ఏం పోశారో రాసిపెట్టుకుని వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీ నాన్నగారి పుస్తకం ఆ ఇంజిను జాతకం. ముందు దాన్నే చదువుదాం.

2004 నుంచి 2016 దాకా మీరిచ్చిన పంక్తుల్లో మార్పిడికీ మార్పిడికీ నడుమ ఆయిలు కలిపిన మాట లేదు. 2016లో అర లీటరుతో మొదలై, రెండేళ్లు తిరిగేసరికి లీటరు దాకా వచ్చింది. అంటే ఈ ఇంజిను మినరల్ ఆయిలు మీద ఉన్నప్పుడే, మీ నాన్నగారి చేతుల్లో ఉన్నప్పుడే ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ఆయన జాగ్రత్తలో లోపం లేదు. రబ్బరుకు వయసు మీద పడింది, అంతే. రేపు మీరు సింథటిక్ పోశాక పొగ కనిపిస్తే, తప్పు కొత్త ఆయిలుదే అని నలుగురూ అంటారు. ఈ పుస్తకం వాళ్లకు చూపించండి.

ఉదయం మొదటి స్టార్టులో ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోవడం వాల్వు సీళ్ల లక్షణం. రాత్రంతా ఇంజిను పైభాగమైన హెడ్డులో నిలిచిన ఆయిలు, గట్టిపడిన సీలు అంచు నుంచి వాల్వు కాడ వెంట చుక్కలుగా దిగుతుంది. పొద్దున అది కాలి పొగ అవుతుంది. పిస్టన్ రింగులు పోయి ఉంటే పొగ దారి పొడుగునా ఉండేది, ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఎక్కువగా కనిపించేది. ఎందుకైనా మంచిది, నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) చూపించండి. నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఇంజిను కింది భాగం గురించి నిశ్చింతగా ఉండవచ్చు. వేడి మీద ఐడిలింగులో ముల్లు 1.2 దగ్గర నిలవడం కూడా మంచి సూచనే. ఆ పరిస్థితిలో 0.3 వరకు దిగినా ఫర్వాలేదని ఆ బండి పుస్తకంలోనే ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కగానే మళ్లీ పైకి లేస్తే చాలు.

ఇక సింథటిక్ పోస్తే కారుతుందన్న మాట. అది ఊరికే పుట్టలేదు. 1970లలో వచ్చిన మొదటి తరం సింథటిక్ ఆయిళ్లలో ప్రధాన భాగమైన పీఏఓ అనే కృత్రిమ నూనెకు రబ్బరును కొద్దిగా ముడుచుకుపోయేలా చేసే గుణం ఉంది. మినరల్ ఆయిలు రబ్బరును కొంచెం ఉబ్బించి ఉంచుతుంది. దానికి అలవాటు పడ్డ సీలు ముడుచుకునేసరికి సందు పడింది, ఆయిలు కారింది. తర్వాత రబ్బరును ఉబ్బించే ఎస్టర్లనే రసాయనాలు కలిపి ఆ లోపం సరిదిద్దారు. ఇది దశాబ్దాల నాటి మాట. అయినా షెడ్డు నుంచి షెడ్డుకు ఆ భయం మాత్రం అలాగే నడిచి వచ్చింది.

నేను నా కళ్లతో చూసింది ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి ఆలస్యంగా ఆయిలు మార్చిన ఇంజిన్లలో పైన ఉండే టాపెట్ కవరు విప్పితే లోపల నల్లటి మడ్డి, వేలితో తీస్తే చింతపండు గుజ్జులా వస్తుంది. బీటలు వారిన ప్యాకింగుల దగ్గర ఆ మడ్డే గట్టిపడి బిరడాలా కూర్చుంటుంది. శుభ్రం చేసే గుణం ఎక్కువున్న ఆయిలు పోస్తే అది కరుగుతుంది. కింద దాగి ఉన్న పగులు బయటపడుతుంది. రాజమండ్రి పెద్దాయన చెప్పిన వాకిలి కథ అలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. ఆ కారుకు ప్యాకింగు ముందే పోయింది. మడ్డి ఇన్నాళ్లూ దాని పని చేసింది.

పెద్దాయనా, మీ అంబాసిడర్‌కు మీరు పోస్తున్నది సరైనదే, అందులో నాకు పేచీ లేదు. ఆ ఇంజిను 1950ల నాటి రూపం, పుష్‌రాడ్లతో నడుస్తుంది, దాని సందులు వేరు. ఈ ఇ220లో ఉన్న ఎం111 ఇంజినుకు పైన వాల్వులను తెరిచే రెండు క్యామ్ షాఫ్టులు, పదహారు వాల్వులు, ఆయిలు ఒత్తిడితో తమంతట తాము సందు సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు. ఆ టాపెట్ల లోపలి దారులు చాలా సన్నం. ఉదయం వినిపించే టకటక ఆ టాపెట్లు ఖాళీగా ఉండి, ఆయిలు చేరేదాకా కొట్టుకునే శబ్దం. 20డబ్ల్యూ-50 వాటి దాకా చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటోంది.

మన ఊళ్లలో చలి ఎక్కడిది, 5డబ్ల్యూ ఎందుకని చాలామంది అడుగుతారు. ఆ డబ్ల్యూ చలికాలపు గుర్తే, నిజం. కాని ఇంజినుకు చలి అంటే మనకు చలి కాదు. అది పనిచేసే వేడి 90 డిగ్రీల పైచిలుకు. దాని లెక్కలో గుంటూరు తెల్లవారుజాము 25 డిగ్రీలు కూడా చలే. 40 డిగ్రీల దగ్గర కొలిస్తే 5డబ్ల్యూ-40 చిక్కదనం 20డబ్ల్యూ-50లో దాదాపు సగం ఉంటుంది. ఇంజిను వేడెక్కాక మాత్రం ఆ 40 అన్నదే కాపలా. నాన్నగారు పోసిన 15డబ్ల్యూ-40లో ఉన్న 40, సింథటిక్ 5డబ్ల్యూ-40లో ఉన్న 40 ఒక్కటే. 100 డిగ్రీల దగ్గర రెండింటి చిక్కదనం 12.5కీ 16.3 సెంటీస్టోక్‌లకీ మధ్యనే ఉండాలి. కాబట్టి సింథటిక్ పల్చన అన్న మాట వేడి ఇంజినుకు వర్తించదు. మే నెల ఎండలో కూడా ఇంజిను వేడిని థర్మోస్టాటు, రేడియేటరు అదుపులో ఉంచుతాయి. అవి బాగుంటే ఎండకు భయపడి 50 పోయనక్కరలేదు.

ఆయిలు కొనేముందు బండిలో చూడాల్సినవి ఉన్నాయి. టార్చి పట్టుకుని ఆయిలు పోసే మూత తీసి లోపలికి చూడండి. క్యామ్ షాఫ్టు తేనె రంగులో మెరుస్తూ కనిపిస్తే మీ నాన్నగారి శ్రమ ఫలించినట్టే. నల్లటి పొరలు కనిపిస్తే తొందరపడకండి, నాకు రాయండి. మూత అడుగున తెల్లటి వెన్నలాంటిది ఉంటే అది నీటి తేమ, పొట్టి ప్రయాణాల వల్ల వస్తుంది. తర్వాత స్పార్కు ప్లగ్గులు విప్పించండి. ఈ ఇంజినులో ప్లగ్గులు టాపెట్ కవరు నడుమ గుంటల్లో ఉంటాయి. ఏదైనా గుంటలో ఆయిలు నిలిస్తే కవరు ప్యాకింగు పోయినట్టే. కవరు నుంచి గాలి గొట్టానికి వెళ్లే బ్రీదరు పైపులు ఎండి పగిలాయా, లోపల మూసుకుపోయాయా చూడండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. బ్రీదరు మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఎటూ పోలేక సీళ్లను తోస్తుంది. అప్పుడు ఏ ఆయిలు పోసినా కారుతుంది. ఇంకొకటి: ఇంజిను ముందుభాగంలో క్యామ్ షాఫ్టును సర్దే మాగ్నెట్ ఉంది. దాని కరెంటు కనెక్టరు విప్పి లోపల తడి ఉందేమో చూడండి. అక్కడ కారిన ఆయిలు తీగల వెంట పాకుతూ పోతుంది. దాన్ని ఆదిలోనే ఆపాలి.

ఇవన్నీ సరిచేసుకుని 5డబ్ల్యూ-40 పోయండి. డబ్బా ముందువైపు ఎంత పెద్ద అక్షరాలతో ఏం రాసి ఉన్నా చదవకండి, వెనక్కి తిప్పండి. మెర్సిడెస్ 229.3 గాని 229.5 గాని ఆమోదం ఉందని రాసి ఉండాలి. 229.1 ఉన్నా ఈ ఇంజినుకు చెల్లుతుంది. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30లు కొత్త బండ్ల కోసం. వాటిలో క్యామ్ అరగకుండా కాపాడే జింకు, ఫాస్ఫరస్ మందును చాలా వాటిలో తగ్గించారు. మీ బండికి వద్దు.

మరమ్మతులకు ఇప్పుడు వీలు కాకపోతే? 229.1 ఉన్న మంచి 15డబ్ల్యూ-40 పోసి, ఏడాదికోసారి మానకుండా మార్చండి. అది తప్పేమీ కాదు. ఆలస్యంగా మార్చిన సింథటిక్ కంటే వేళకు మార్చిన మినరల్ నయం.

ఐదు_సిలిండర్లు (విశాఖపట్నం)

మా ఇంట్లో అదే కాలపు ఇ250 డీజిలు ఉంది. డీజిలు ఇంజినుకు మసి ఎక్కువ, ఆయిలు రెండు రోజుల్లో నల్లబడుతుంది. నేను 15డబ్ల్యూ-40తోనే నడుపుతున్నాను, ఇబ్బంది లేదు. ఒక మాట చెప్పాలనిపించింది: నకిలీ డబ్బాలు. ఖరీదైన ఆయిలు కాబట్టి వాడేసిన ఖాళీ డబ్బాలు కొని, ఏదో నింపి అమ్మేవాళ్లున్నారు. మూత సీలు, అడుగున ముద్రించిన బ్యాచి సంఖ్య చూసుకోండి, బిల్లు లేకుండా కొనకండి. ఖాళీ అయిన డబ్బాకు మేకుతో చిల్లు పెట్టి పారేయండి.

మిషిగన్_ఇ320

నేను డెట్రాయిట్ దగ్గర ఉంటాను, మాది తెనాలి. నా దగ్గర 1999 ఇ320 ఉంది, వీ6 ఇంజిను. ఇక్కడ ఈ బండికి ఒక చరిత్ర ఉంది. 1998 నుంచి 2001 వరకు అమెరికాలో అమ్మిన బండ్లలో ఆయిలు ఎప్పుడు మార్చాలో కంప్యూటరే చెప్పే పద్ధతి పెట్టారు. ఆ గడువులు సింథటిక్‌కు సరిపోయేంత పొడవు. చాలాచోట్ల పోసింది మినరల్. ఇంజిన్లలో మడ్డి పేరుకుంది. యజమానులు మెర్సిడెస్ మీద సామూహిక దావా వేశారు, 2003లో రాజీ కుదిరింది. నా బండిని కొన్నప్పుడు దాని పాత బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. రెండో యజమాని అన్నిసార్లూ సింథటిక్ పోయించాడని తెలిశాకే డబ్బు కట్టాను.

జనవరిలో ఇక్కడ మైనస్ 20 ఉంటుంది. 0డబ్ల్యూ-40 పోస్తాను. ఆ చలిలో స్టార్టు చేసిన మరుక్షణం ప్రెషరు రావడం నాకు ప్రాణంతో సమానం. మీకు ఆ అవసరం లేదు. పాతకాపుగారు చెప్పిన గడువు సంగతికి మాత్రం నా ఓటు. సింథటిక్ పోశాం కదా అని 15 వేల కిలోమీటర్లు లాగకండి. మీరు ఏడాదికి మూడు, నాలుగు వేలే తిరుగుతారు, క్యాలెండరును చూసి మార్చండి.

తెలుపు_124 (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. పాతకాపుగారూ, మీరు పుస్తకాన్ని చదివిన తీరు చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ అర లీటరు, ముప్పావు లీటరు పంక్తులు నేను ఎన్నోసార్లు చూశాను. వాటిలో ఒక క్రమం ఉందని తోచలేదు.

ఆదివారం పొద్దున ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి టార్చి వేశాను. క్యామ్ షాఫ్టు మీద లేత గోధుమరంగు పొర, కింద లోహం శుభ్రంగా ఉంది. మడ్డి లేదు. మూత అడుగున కొంచెం తెల్లటి తేమ ఉంది. కాలేజీ ఎనిమిది కిలోమీటర్లే, అందువల్ల కావచ్చు.

మెకానిక్‌ను ఇంటికే పిలిచి ప్లగ్గులు విప్పించాను. మూడో గుంటలో వేలు ముంచితే గోరు మునిగేంత ఆయిలు. మిగిలిన మూడూ పొడిగా ఉన్నాయి. బ్రీదరు పైపు ఒకటి చేతిలోకి తీసుకోగానే బిస్కెట్టులా విరిగింది. మాగ్నెట్ కనెక్టరు లోపల పొడిగానే ఉంది, అమ్మయ్య అనుకున్నాను. కంప్రెషన్ చూపించాను, నాలుగింటి మధ్య తేడా ఒక బారు లోపే.

కింద మరక ఎక్కడి నుంచో కూడా తెలిసింది. టాపెట్ కవరు వెనక మూల నుంచి ఇంజిను వెంట జారి, గేర్‌బాక్సు కలిసే చోట చుక్కగా పడుతోంది. క్రాంకు వెనక సీలు పోయిందని మా మెకానిక్ అనుకున్నాడు. ఆ చోటంతా కిరసనాయిలుతో తుడిచి, పౌడరు చల్లి, బండిని అరగంట ఆన్‌లో ఉంచాం. పౌడరు మీద తడి గీత పైనుంచి దిగింది.

ఒక సందేహం. లోపల శుభ్రం కావడానికి ఇంజిన్ ఫ్లష్ పోసి తీయిద్దామని దుకాణంలో అంటున్నారు. చేయించమంటారా?

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

పౌడరు చల్లి చూశారా! మా షెడ్డులో కుర్రవాళ్లకు నేను నేర్పే మొదటి పాఠం అదే. క్రాంకు వెనక సీలు అనుకుంటే గేర్‌బాక్సు దించాలి. ఆ ఖర్చు, ఆ శ్రమ మీరు పౌడరుతో తప్పించుకున్నారు.

ఫ్లష్ వద్దు. ఏళ్లుగా అతుక్కున్నదాన్ని పది నిమిషాల్లో ఊడగొడితే ఆ పెచ్చులు ఛాంబరు (ఇంజిను అడుగున ఆయిలు నిలిచే తొట్టి) లోని జాలీకి అడ్డుపడతాయి, పంపుకు ఆయిలు అందదు. మీ ఇంజిను లోపల శుభ్రంగానే ఉందంటున్నారు, అలాంటప్పుడు అసలే అక్కరలేదు. కొత్త ఆయిలు తన పని నెమ్మదిగా తాను చేస్తుంది. మొదటిసారి పోసినదాన్ని 2,000 కిలోమీటర్లకే తీసేయండి. అందులో మురికి దిగుతుంది. ఆ తర్వాత ఏడాదికొకసారి.

టాపెట్ కవరు ప్యాకింగు, ప్లగ్గు గుంటల సీళ్లు, బ్రీదరు పైపులు ఒకేసారి మార్పించండి. కవరు బోల్టులను బలం కొద్దీ బిగించనివ్వకండి, హెడ్డు అల్యూమినియం. ఆయిలు వేడిగా ఉన్నప్పుడు దించాలి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేయాలి. ఈ ఇంజినుకు ఆరు లీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. ఐదున్నర పోసి, కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, ఆయిలు మట్టం చూపే కడ్డీ తీసి చూసి మిగిలింది కొద్దికొద్దిగా కలపండి. పైగీత దాటకూడదు. ఛాంబరులో పాత మినరల్ కాస్త మిగిలిపోతుందని దిగులు వద్దు, రెండూ కలిసినా ప్రమాదం లేదు.

అంబాసిడర్_1978 (రాజమహేంద్రవరం)

పాతకాపుగారు చెప్పింది నాకు అర్థమైంది. మా ఊరి ఆయన్ను మళ్లీ కలిసి అడిగాను. ఆ కారు కొన్నాక ఎనిమిదేళ్లు టాపెట్ కవరు ప్యాకింగు మార్చనే లేదట. అమ్మా, మీరు ధైర్యంగా వెళ్లండి.

తెలుపు_124 (గుంటూరు)

మూడు నెలలయింది, జరిగింది చెప్పాలి కదా.

ప్యాకింగు, గుంటల సీళ్లు, బ్రీదరు పైపులు మార్పించాను. 229.5 ఉన్న ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-40 బిల్లుతో కొన్నాను. పాత ఆయిలు దించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. చెరకు పానకంలా నల్లగా, జారుగా వచ్చింది, చివర్లో సన్నటి ధార. అందులో లోహపు మెరుపు ఉందేమోనని అరచేతిలో వేసుకుని ఎండలో చూశాను. లేదు.

మర్నాడు ఉదయం తాళం తిప్పగానే టకటక ఒక్క సెకను ఉండి పోయింది. వారం తర్వాత అదీ వినిపించలేదు. వేడి మీద సిగ్నల్ దగ్గర ముల్లు ఇప్పుడు 1 దగ్గర ఉంటుంది, యాక్సిలరేటరు తొక్కగానే 3కు చేరుతుంది. మొదట్లో ఆ 1 చూసి గుండె జారింది. మీరు చెప్పిన 0.3 గుర్తు చేసుకుని స్థిమితపడ్డాను.

2,000 కిలోమీటర్లు నిండక ముందే ఒంగోలు, నెల్లూరు తిరిగి వచ్చాను, పొడవు ప్రయాణం వల్ల మూత కింది తేమ పోయింది. నిన్న మళ్లీ ఆయిలు మార్పించాను. అట్టముక్క మీద మరక లేదు. నడుమ పావు లీటరు కలపాల్సి వచ్చింది. ఉదయపు నీలిపొగ మాత్రం అలాగే ఉంది, ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు.

నాన్న గీతలు గీసి వదిలేసిన పేజీలో నిన్నటి తేదీ రాశాను. 1,50,900. 5డబ్ల్యూ-40, ఫిల్టరు. ఆయన అక్షరాల కింద నా అక్షరాలు ఇలా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

వాల్వు సీళ్లు మార్చాలంటే హెడ్డు దించాలా? మా మెకానిక్ అవునంటున్నాడు.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

దించనక్కరలేదమ్మా. క్యామ్ షాఫ్టులు విప్పుతాం. ప్లగ్గు గుంటలోంచి సిలిండరులోకి కంప్రెసరు గాలి పంపితే వాల్వులు కింద పడిపోకుండా నిలబడతాయి. అప్పుడు స్ప్రింగు నొక్కి పాత సీలు లాగి కొత్తది కూర్చోబెడతాం. పదహారు సీళ్లు, రెండు రోజుల పని. టాపెట్లు తీసినవి తీసిన చోటే వేయాలి, క్యామ్ గుర్తులు సరిచూసుకోవాలి. ఓపిక ఉన్న చేయి కావాలి. పావు లీటరుకు తొందర లేదు. వేసవి సెలవుల్లో బండి తీసుకురండి, మా అబ్బాయి పక్కన నేను కూర్చుంటాను. వచ్చేటప్పుడు ఆ పుస్తకం మరిచిపోకండి.